పెద్దబాపు చేతికి కుదిరిన పిస్టల్

దసరా నాడు మా తమ్ముడు శ్రీధర్ ఇంట్లో ఆయుధపూజ చేస్తారు. హాల్లో తూర్పు గోడకు పీట వేసి, ఎర్రగుడ్డ పరిచి, కారు తాళాలు, కత్తిపీట, స్క్రూడ్రైవర్ల డబ్బా, వాడి కోడలి లాప్‌టాప్ వరసగా పేరుస్తారు. వాటన్నిటి నడుమ, పెళ్ళికొడుకును కూర్చోబెట్టినట్టు, ఒక నల్లటి పిస్టల్‌ను పెడతారు. దాని గొట్టం మూతిలో ఏళ్ళ తరబడి పెట్టిన పసుపూ కుంకుమా గట్టిపడి బిరడా అయిపోయింది. దాన్ని చివరిసారి ఎప్పుడు కాల్చారో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. మొన్నటి దసరాకు నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. కోడలు కుంకుమ భరిణె తెచ్చి నా చేతికిచ్చింది. శ్రీధర్ పీట ముందు గొంతుకూర్చుని కొబ్బరికాయ పీచు తీస్తూ, "నీ పిస్టల్‌కు నువ్వే బొట్టు పెట్టక్కా. నువ్వు ముచ్చటపడి ఏరుకున్నదే గద" అన్నాడు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవలు చెప్పిండ్రురా నీకు, అని అడిగాను. వాడు తలెత్తకుండానే, "పెద్దబాపు చెప్పేటోడు గద. రెండు పిస్టళ్ళు ముందల పెడితే మా పోరి గిదే కావాలన్నదని, ఇంటికి ఎవలొచ్చినా గదే ముచ్చట" అన్నాడు. వాడి తప్పు లేదు. అప్పుడు వాడు బడికి పోయే పిల్లవాడు, పిస్టల్ కొనడానికి సికింద్రాబాద్ పోయినప్పుడు మాతో రాలేదు. నాతో వచ్చిన బాపు, అంటే మా నాన్న, ఇప్పుడు లేడు, పెద్దబాపూ లేడు. ఆ ఇద్దరూ పోయాక ఆ రోజు ఏం జరిగిందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. ఇన్నేళ్ళూ నాకు దక్కనిది పిస్టల్ ఒక్కటే అనుకుంటూ వచ్చాను. ఈ నల్లదాన్ని వద్దన్న సంగతి కూడా నాకు దక్కలేదని కుంకుమ భరిణె పట్టుకుని నిలబడ్డప్పుడు తెలిసింది.

మాది చెన్నూరు దగ్గర, గోదావరి ఒడ్డు పల్లె. పత్తీ మిరపా పండే నల్లరేగడి ఉండేది. మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న, ఇంటికి పెద్ద. ఆయన మాట మీద మాట లేదు, ఆయన మంచం మీద ఇంకొకరు కూర్చోవడం లేదు. నడిమింట్లో రెండు కొయ్యగూటాల మీద రెండు గొట్టాల తుపాకి ఉండేది. అది తాతది. ప్రతి శుక్రవారం తలంటి పోసుకున్నాక పెద్దబాపు ఆ తుపాకిని ఒళ్ళో పడుకోబెట్టుకుని తుడిచేవాడు. కుట్టుమిషన్ నూనెలో జర్రంత గ్యాసునూనె, అదే కిరసనాయిలు, కలిపి, ఇనుప పుల్లకు గుడ్డపేలిక చుట్టి గొట్టంలోకి దించి తీసేవాడు. ఆ వాసన వంటింట్లోకి వచ్చి మా అవ్వ, అంటే అమ్మ, చేసే పచ్చిపులుసు తాలింపుతో కలిసేది. శుక్రవారం పులుసు గ్యాసునూనె వాసన వస్తదని మేం పిల్లలం ముక్కు మూసుకుని తినేవాళ్ళం. ఆ తుపాకితో ఆయన అడవిపందులను బెదిరించడం తప్ప ఏదైనా కొట్టగా నేను చూడలేదు. పెళ్ళి ఊరేగింపులకు మాత్రం గాలిలోకి పేల్చేవాడు. ఆ చప్పుడుకు చెట్ల మీది కాకులు లేచిపోతే, మీసం కింద నవ్వుకుంటూ మా అందరి మొహాలూ చూసేవాడు.

తర్వాత కాలం మారింది. ఇళ్ళలో తుపాకులు ఉంటే అడవిలోని అన్నలు వచ్చి పట్టుకుపోతున్నారని, ఉన్నవాళ్ళంతా తెచ్చి ఠాణాలో పెట్టాలని పోలీసులు చెప్పారు. పెద్దబాపు తుపాకిని దుప్పట్లో చుట్టి ఎడ్లబండిలో తీసుకుపోయి అప్పగించి వచ్చాడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. కొన్నాళ్ళకు మేమూ ఊరు విడిచి కరీంనగర్ వచ్చేశాం. మంకమ్మతోటలో కిరాయిల్లు, బాపుకు ఎరువుల దుకాణం, పెద్దబాపుకు ఏ పనీ లేదు. ఆయన వచ్చీ రాగానే చేసిన పని కిరాయింటి గోడకు రెండు గూటాలు కొట్టించడం. వాటి మీద ఏమీ లేదు. శుక్రవారం తలంటి పోసుకుని, అలవాటు చొప్పున నూనెసీసా, పుల్ల, పేలిక ముందర పెట్టుకుని కూర్చుని, కాసేపు చూసి, సైకిల్ గొలుసుకో తలుపు బందులకో ఆ నూనె పూసి లేచేవాడు. మా ఇంట్లో తలుపులు ఏనాడూ కిర్రుమనలేదు.

నేను ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఎన్.సి.సి.లో చేరింది ఖాకీ బట్టల మీద మోజుతో, కవాతు అయ్యాక పెట్టే పూరీల మీద ఆశతో. మా ఎన్.సి.సి. డైసీ మేడం సికింద్రాబాద్ మనిషి. సన్నగా, పొట్టిగా ఉండేది, గొంతు మాత్రం మైదానం దాటి వినిపించేది. ఊళ్ళోని రైఫిల్ క్లబ్బుకు ఆదివారాలు మమ్మల్ని తీసుకుపోయి, గాలితో కాల్చే పిస్టల్ ఒకటి చేతికిచ్చి, పది మీటర్ల దూరంలో ఉన్న అట్టను కొట్టమనేది. ఆ క్లబ్బు పిస్టల్ ఎన్నో చేతులు మారి అరిగిపోయింది, ట్రిగ్గర్ ఒక్కోసారి ఒక్కో మాట చెప్పేది. అయినా మొదటి రోజే నాకు ఆ పని నచ్చింది. చెయ్యి చాచి, ఊపిరి బిగబట్టి, గొట్టం చివరనున్న మొనను వెనక గాడిలో నిలబెట్టి చూస్తున్నంతసేపు నాకు ఎవరూ ఏమీ చెప్పడానికి వీల్లేదు. మా ఇంట్లో నాకు ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పని క్షణం అదొక్కటే. కొన్ని వారాలకే నేను కాల్చిన సీసపు ఛర్రాలు నల్లచుక్క నడుమ ఒకదాని పక్కన ఒకటి పడసాగాయి. మేడం పొగడలేదు, అట్టను తిప్పి తిప్పి చూసి మడిచి తన సంచిలో పెట్టుకుంది.

ఇంట్లో నా పక్షం అవ్వ. ఆమెకు పిస్టల్ అంటే తెలియదు, కాని బిడ్డ ఏదో పని గట్టిగా పట్టుకుందని తెలుసు. కాగజ్‌నగర్ కాగితం మిల్లులో పనిచేసే మా మేనమామ వచ్చినప్పుడల్లా మందపాటి అట్టముక్కలు తెచ్చేవాడు. అవ్వ వాటి మీద తన గాజు పెట్టి ఒక గీత, ఉప్పుగిన్నె బోర్లించి ఒక గీత, పప్పుగిన్నె బోర్లించి ఒక గీత గీసేది. నడుమ కందిలి మసి పూసేది. చెయ్యి వణకకుండా ఉండాలంటే బరువు పట్టుకుని చాచాలని మేడం చెబితే, అవ్వ బొగ్గుల ఇస్త్రీపెట్టె ఇచ్చింది. తెల్లవారి జొన్నరొట్టె చరుస్తూ ఆమె, పక్కన గోడకు ఎదురుగా ఇస్త్రీపెట్టె చాచి నేను. రొట్టె కాలి పొంగేదాకా చెయ్యి దించకూడదని పందెం. ఒక్కోసారి నన్ను ఏడిపించడానికి ఆమె సెగ తగ్గించేది.

హైదరాబాద్‌లో రాష్ట్రజట్టు ఎంపిక పోటీలున్నాయని, నా పేరు పంపిస్తానని మేడం అన్నప్పుడు అసలు చిక్కు వచ్చింది. క్లబ్బు పిస్టల్‌ను జిల్లా దాటనివ్వరు, ఎవరిది వాళ్ళు తెచ్చుకోవాలి. సికింద్రాబాద్‌లో ఆమెకు తెలిసిన రిటైర్డ్ రైల్వే ఇంజనీరు ఒకాయన ఉన్నాడు. ఒకప్పుడు మంచి షూటరు, కళ్ళు మందగించి తన దగ్గరున్నవి అమ్మేస్తున్నాడు. మేడంకు ఆ వారం పరీక్షల డ్యూటీ, తాను రాలేనంది. నన్ను నిలబెట్టి ఒక్కటే నేర్పింది. పిస్టల్ పట్టుకుని కళ్ళు మూసుకోవాలి, చెయ్యి లేపి చాచాలి, అప్పుడు కళ్ళు తెరవాలి. మొన వచ్చి గాడి నడుమ దానంతట అది నిలబడి ఉంటే అది నీ పిస్టల్. పక్కకు పోయి ఉంటే ఎంత ముద్దొచ్చినా అక్కడే పెట్టి రా. "కళ్ళతో కాదు రమా, చేత్తో చూడు. మీవాళ్ళకు కూడా చెప్పు, పిస్టల్‌ను ఏరుకునేది చెయ్యి" అంది.

ఇంట్లో ఒప్పుకోరేమో అని నా భయం. తీరా చెబితే అందరికన్నా ముందు లేచింది పెద్దబాపు. ఇంటికి ఆయుధం వస్తుందన్న మాట ఒక్కటే ఆయన చెవికెక్కింది. దానికి లైసెన్సు అక్కర్లేదని, ఠాణాలో పెట్టే పని లేదని బాపు చెప్పగానే పెద్దబాపు గోడ మీది గూటాల వైపు చూశాడు. ఆ చూపు అప్పుడు నాకు అర్థం కాలేదు. ఉతికిన ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి, నూనె పెట్టిన మీసంతో ఆయన, వెనక బాపు, వాళ్ళ వెనక నేను. బస్సులో దారి పొడుగునా ఆయన తాత తుపాకి కతలు చెబుతూనే ఉన్నాడు. పిస్టల్ ఎవరికని ఒక తోటి ప్రయాణికుడు అడిగితే, మా ఇంటికి అన్నాడు.

ఇంజనీరు గారి ఇల్లు రైల్వే కాలనీ వెనక, మల్లెపందిరి ఉన్న చిన్న ఇల్లు. ఆయన మాకు చాయ్ ఇచ్చి, టేబుల్ మీద తువ్వాలు పరిచి రెండు పిస్టళ్ళు పెట్టాడు. ఒకటి నల్లగా, నున్నగా, పొడుగ్గా, చూడగానే భయం పుట్టేలా ఉంది. ఎవరో విదేశం నుంచి తెచ్చి బహుమానం ఇచ్చారట, హాల్లో పెట్టుకోవడానికి బాగుంటుందని ఆయనే అన్నాడు. రెండోది అనాకారి. పక్కకు పొడుచుకొచ్చిన ఇనుపమీట, పొట్టి గొట్టం, చేతికంటే పెద్దదైన చెక్కపిడి. ఆ పిడిని ఒకచోట ఆకురాయితో అరగదీశారు, ఇంకోచోట రంపంపొట్టూ జిగురూ కలిపి మెత్తి ఉబ్బించారు. రంగు ఎక్కడికక్కడ పోయింది. అది తన భార్యదని ఇంజనీరు గారు చెప్పాడు. ఆమె తన చేతికి తగినట్టు తానే అరగదీసుకుని, మెత్తుకుని, ఏళ్ళపాటు దానితోనే పోటీలు కొట్టిందట. ఆమె పోయి రెండేళ్ళయింది. పాప చేతిలో పెట్టి చూడండి అన్నాడు.

పాప చేతిలో ఎవరూ పెట్టలేదు. పెద్దబాపు నల్లదాన్ని అందుకున్నాడు. అటు తిప్పి ఇటు తిప్పి, కిటికీలోంచి మల్లెపందిరి వైపు గురిపెట్టి, మీసం కింద నవ్వి బాపుకిచ్చాడు. బాపు చూసి బాగుందని ఆయనకే తిరిగిచ్చాడు. నేను టేబుల్ దగ్గరికి పోయి అనాకారిదాన్ని తీసుకున్నాను. బొటనవేలు ఒక గుంటలోకి జారింది. అరచేయి కింద మెత్తిన ఉబ్బు నా చేతి గుంటను నింపింది. ఇది నాకంటే ముందు ఇంకొక ఆడమనిషి చెయ్యి, ఆమె కూడా నాలాగే పొట్టి వేళ్ళ మనిషి అని నాకు తెలిసిపోయింది. కళ్ళు మూసుకుని చెయ్యి చాచి తెరిచాను. మొన గాడి నడుమ నిలబడి ఉంది. నమ్మలేక మళ్ళీ చేశాను, మళ్ళీ అక్కడే ఉంది. మొహమాటం లేకుండా సంతోషమేసింది. వెనక్కి తిరిగి, "పెద్దబాపూ, నాకు గిది కావాలె" అన్నాను.

ఆయన దాన్ని చూసి చిన్నగా నవ్వాడు. "గదేంది బిడ్డా, కొయ్యకాలు లెక్కున్నది. గిది పట్టుకుని నలుగురిల నిలబడ్తవా?" అన్నాడు. మేడం చెప్పిన సంగతి చెప్పాను. కళ్ళు మూసుకోవడం, మొన, గాడి, అంతా చెప్పాను. చేతికి కుదరాలని చెప్పాను. ఆయన విన్నాడు, వినలేదనను. విని, కళ్ళు మూసుకుని నల్లదాన్ని చాచి, కళ్ళు తెరిచి, "గిది గూడ కుదిరింది సూడు, మంచిగ" అన్నాడు. కుదిరింది ఆయన చేతికి. అప్పుడు కూడా దాన్ని నా చేతికివ్వాలని ఆయనకు తోచలేదు. తర్వాత గొంతు తగ్గించి, ఇంజనీరు గారికి వినపడకుండా, అసలు మాట బాపుతో అన్నాడు. "సచ్చిపోయిన మనిషి ఆయుధం ఇంట్లకెట్ల తెస్తమురా? దసరకు పీట మీదికెట్ల ఎక్కిస్తం?" బాపు జేబులోంచి డబ్బులు తీసి నల్లదానికే లెక్కపెట్టాడు. ఇంజనీరు గారు నా చేతిలోంచి భార్య పిస్టల్‌ను మెల్లగా తీసుకుని తువ్వాలులో చుట్టాడు. ఆయనకు వినపడే ఉంటుందని ఇప్పటికీ అనుకుంటాను.

తిరుగు బస్సులో పెద్దబాపు డబ్బాను ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయాడు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. బాపు నా పక్కన కూర్చుని, "పోనీ తీ బిడ్డా. ఆయన ముచ్చట" అన్నాడు. మా బాపు మంచివాడు, ఆయన గురించి చెడ్డగా చెప్పడానికి ఏమీ లేదు. ఆ రెండు మాటలు మాత్రం నేను ఎన్నటికీ మింగలేకపోయాను. పోనీ తీ. మా ఇంట్లో ఆడవాళ్ళకు ఏది దక్కకపోయినా ఈ మాట దక్కేది. అవ్వకు రంగు నచ్చని చీర వచ్చినా, అక్కచెల్లెళ్ళకు నచ్చని సంబంధం వచ్చినా పోనీ తీ. నాకంటూ ముచ్చట ఒకటి ఉండవచ్చని, దాన్ని ఆయన ముచ్చటకు ఎదురుగా పెట్టి తూచవచ్చని, అంత మంచి మనిషికీ తోచలేదు.

మేడం పిస్టల్‌ను చూసి, ఎవరమ్మా దీన్ని ఏరింది, అని మాత్రం అడిగింది. నేను కళ్ళు మూసి తెరిచి చూపించాను. మొన గాడికి ఎడమగా, దూరంగా పోయి ఉంది. పిడి లావు, నా వేలు ట్రిగ్గర్‌కు కొసగోరుతో తగిలేది. సరే, చేసేదేముంది, దీనికే అలవాటు పడదాం అంది. మణికట్టు తిప్పిపట్టి కాల్చడం నేర్పింది. తప్పు పిస్టల్‌తో సరిగ్గా కాల్చడం కోసం నేను పడ్డ పాట్లు సరైనదానితో పడి ఉంటే ఏమయ్యేదో. ఇస్త్రీపెట్టె పట్టుకోవడం సరిపోక అవ్వ దానిలో ఇసుక పోసింది. పోటీలకు కొద్దిరోజుల ముందు, ఎలాగైతేనేం, ఛర్రాలు మళ్ళీ పప్పుగిన్నె గీతలోంచి ఉప్పుగిన్నె గీతలోకి వస్తున్నాయి.

అప్పుడొచ్చింది ఆ శుక్రవారం. నేను కాలేజీ నుంచి వచ్చేసరికి పెద్దబాపు తలంటి పోసుకుని, అరుగు మీద పిస్టల్‌ను ఒళ్ళో పడుకోబెట్టుకుని, గొట్టంలోకి కుట్టుమిషన్ నూనె పోస్తున్నాడు. పేలికకు తడి అంటించడం కాదు, సీసా వంచి పోస్తున్నాడు. ఆ రకం పిస్టల్ లోపల ఒక స్ప్రింగు, దాని ముందు ఒక తోలుబిళ్ళ ఉంటాయి. అవి గాలిని ఒక్కసారిగా నొక్కితే ఛర్రా పోతుంది. అక్కడికి నూనె చేరిందంటే ఆ నొక్కుడు వేడికి అది అంటుకుంటుంది. ఇవన్నీ మేడం చెప్పగా నాకు తెలుసు, ఆయనకు తెలియదు. వద్దు పెద్దబాపూ అని నేను మెట్లెక్కేలోగా ఆయన దాన్ని పెరటి గోడకు గురిపెట్టి కాల్చాడు. ధన్‌మని మోగింది. మూతిలోంచి నీలంపొగ వచ్చింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు, కాకులు లేచాయి. ఆయన కాకులను చూసి, మా అందరి మొహాలూ చూశాడు. ఊరు విడిచాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి. "ఇగో, ఇప్పుడు తుపాకి లెక్క మోగింది" అన్నాడు. ఆ పొద్దు గూకేదాకా నూనె పోసి పోసి కాల్చాడు. నేను అడ్డం పడితే, ఆయుధానికి నూనె వద్దంటారా ఎవరైనా అని నా అమాయకత్వానికి నవ్వుకున్నాడు. వాకిట్లో చేరినవాళ్ళు కూడా నవ్వారు.

లోపలి తోలుబిళ్ళ మాడిపోయింది. ఛర్రాలు గోడ దాకా పోయి అక్కడే కింద రాలసాగాయి. కరీంనగర్‌లో దాన్ని బాగుచేసేవాళ్ళు లేరు. చివరికి బాపు సైకిల్ పంపు బిళ్ళ ఒకటి కత్తిరించి వేయించాడు. ఆ పిస్టల్ పట్టుకుని నేను హైదరాబాద్ పోయాను. వరసలో నిలబడ్డ ఆడపిల్లల చేతుల్లో అన్నీ అనాకారి పిస్టళ్ళే, చెక్కపిడులే, మెత్తిన ఉబ్బులే. నాదొక్కటే అందమైనది. పక్కనున్న అమ్మాయి దాన్ని చూసి ఎంత బాగుందో అంది కూడా. ఛర్రాలు ఒకటి పైన, ఒకటి కింద, ఒకటి అసలు అట్టకు తగలకుండానే. లెక్క చూసే పెద్దమనిషి దయగా, వచ్చే ఏడు మంచి పిస్టల్‌తో రామ్మా అన్నాడు. మరుసటి ఏడు మేడంకు బదిలీ అయింది, మా కాలేజీలో కాల్చడం నేర్పేవాళ్ళు లేకపోయారు, నేను ఎమ్మెస్సీకి వరంగల్ పోయాను. అంతటితో అయిపోయింది. గెలిచి ఉండేదాన్నని నేను అనను. నాకంటే బాగా కొట్టేవాళ్ళు ఆ వరసలోనే ఉన్నారు. ఓడిపోతే నా చేత్తో నేను ఓడిపోవాలని మాత్రం ఉండేది. అది కూడా కుదరలేదు.

పిస్టల్ మాత్రం తన చోటికి తాను చేరింది. పెద్దబాపు దాన్ని గోడ గూటాల మీద పెట్టించాడు. వీధిలో పోయేవాళ్ళకు కనపడాలని నడిమింటి తలుపు తీసి ఉంచేవాడు. కనపడవలసినవాళ్ళకు కనపడినట్టుంది, ఒక పగటిపూట ఎస్సై ఇంటికి వచ్చాడు. గోడ మీదిదేంటి అని అడిగాడు. పెద్దబాపు లేచి నిలబడి, రుమాలు తీసి భుజాన వేసుకుని, రెండు చేతులూ జోడించాడు. "అది పోరగాండ్లు ఆడుకునేది సారూ. మా పోరి ముచ్చటపడ్డదని తెచ్చినం. ఆమెనే ఏరుకున్నది" అన్నాడు. ఎస్సై దాన్ని తీసి చూసి, ఇది గాలిదే కదా అని నవ్వి, తిరిగి పెట్టి పోయాడు. నేను వంటింటి గడప మీద నిలబడి అంతా విన్నాను. అప్పుడు నాకు జాలి కలగాలి. కలగలేదు, కోపమే వచ్చింది. నేను కావాలన్నప్పుడు నా మాట చెల్లలేదు, ఆయనకు భయమేసినప్పుడు మాత్రం చెల్లింది. ఆ తర్వాత, శ్రీధర్ మాటను బట్టి, ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన అదే చెప్పేవాడట. చెప్పగా చెప్పగా ఆయనకూ నిజమే అనిపించి ఉంటుంది.

ఇప్పుడు రోజులు వేరు. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి కూతురు హైదరాబాద్‌లో పిస్టల్ నేర్చుకుంటోంది. తల్లి నాకు ఫోన్లో చూపించింది, చల్లటి గది, అట్టకు బదులు తెర, ఛర్రా ఎక్కడ పడిందో అక్కడే అంకె వస్తుంది. పిల్ల చేతి అచ్చు తీసుకుని దానికి తగినట్టు పిడి చెక్కి ఇస్తారట. నేను సంతోషపడ్డాను, ఆ వెంటనే కడుపు మండింది, రెండూ నిజమే. కొత్త పిస్టల్ వచ్చిన రోజు వీడియో కూడా పంపింది. డబ్బా విప్పగానే మొదట పిల్ల తండ్రి పట్టుకుని చూశాడు, తర్వాత మామయ్య, తర్వాత ఇంకెవరో. పిల్ల పక్కన నిలబడి తన వంతు కోసం చూస్తోంది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి, ముందు పిల్ల చేతికియ్యండే అని అరిచాను. ఆమె నవ్వి, ఇచ్చాం మేడం, చివర్లో చూడండి అంది.

కుంకుమ భరిణెతో నిలబడి ఇదంతా శ్రీధర్‌కు చెప్పలేదు. పూజకు ఆలస్యమవుతోంది, కోడలు హారతి పళ్ళెం పట్టుకుని చూస్తోంది. వంగి ఆ నల్లదాన్ని చేతిలోకి తీసుకున్నాను. కళ్ళు మూసుకుని, చెయ్యి చాచి, తెరిచాను. మొన ఎడమగా, అప్పుడెక్కడ ఉండేదో అక్కడే ఉంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. శ్రీధర్ కొబ్బరికాయ పక్కన పెట్టి, "నీకు అంత ఇష్టముంటే తీస్కపో అక్కా. మాకెందుకు ఇది, నీదే గద" అన్నాడు. ఎంత తేలిగ్గా ఇచ్చేశాడో. పిస్టల్‌ను తిరిగి ఎర్రగుడ్డ మీద పెట్టాను.

"నేను ఏరుకున్నది ఇది కాదు తమ్మీ" అన్నాను.

వాడు తెల్లబోయి చూశాడు. "మరి అదేదక్కా?"

కుడిచెయ్యి చాచి చూపించాను. దానిలో ఏమీ లేదు. బొటనవేలు పక్కకు ఒరిగి ఉంది, అరచేయి కింద మెత్తిన ఆ ఉబ్బుకు చోటు వదిలి వేళ్ళు మూసుకుని ఉన్నాయి.